సెటైల్ పాల్మిటేట్ అంటే తిమింగలం కొవ్వా? నా లోషన్ రవ్వ కట్టడానికి అదే కారణమా?

అడిగిన ఆవిడ ప్రశ్న పొడుగ్గా ఉంది, నాకు అర్థమైనంతలో ఇదీ సంగతి. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటారు, ఇంట్లో నువ్వుల నూనెతో బాడీ లోషన్ చేసి అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్ళకి ఇస్తున్నారు, ఇక అమ్ముదామని ఆలోచన. లోషన్ పల్చగా ఉందంటే రా మెటీరియల్ షాపాయన సెటైల్ పాల్మిటేట్ అని తెల్లటి రేకులు ఇచ్చాడు. అది కలిపాక బెంగళూరులో బాగానే ఉంది కానీ మే నెలలో చెన్నైలో ఉన్న చెల్లికి పంపితే వారంలో రవ్వరవ్వగా అయిపోయింది. ఈలోపు ఒక ఫ్రెండ్ అది తిమింగలం కొవ్వు అంది, ఇంకొకామె మైనం కదా రంధ్రాలు మూసుకుపోయి మొటిమలొస్తాయి అంది. వాడాలా మానేయాలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తే: వాడండి. ఈరోజు మార్కెట్లో దొరికేది తిమింగలం నుంచి వచ్చింది కాదు, మొటిమల గురించి కూడా బాడీ లోషన్‌లో పెద్దగా భయపడక్కర్లేదు. మీ రవ్వకి కారణం ఆ రేకులు కాదు, మీరు వేసిన మోతాదు, కలిపిన వేడి, చల్లార్చిన పద్ధతి. మీరు రాసిన ఫార్ములాలో అది 6 శాతం ఉంది, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ (నూనెని నీళ్ళని విడిపోకుండా కలిపి ఉంచే మైనం) 3 శాతమే ఉంది, నూనె 60 డిగ్రీలకి వేడి చేసి అందులో మామూలు నీళ్ళు పోశానన్నారు. చెన్నై వేడి దాన్ని బయటపెట్టింది, అంతే.

నా సంగతి ఒక ముక్క చెప్పి ముందుకెళ్తా. మాది ఏలూరు పక్కన, చెన్నై వచ్చి పంతొమ్మిదేళ్ళు, అంబత్తూరు ఎస్టేట్‌లో వేరేవాళ్ళ బ్రాండ్లకి క్రీములు లోషన్లు చేసిపెట్టే యూనిట్లో ఫార్ములేషన్ చూస్తాను. పుస్తకం చదివి చెప్పేది తక్కువ, బ్యాచ్‌లు పాడుచేసి నేర్చుకున్నదే ఎక్కువ.

ముందు తిమింగలం గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా అబద్ధం కూడా కాదు. స్పెర్మ్ వేల్ అనే తిమింగలం తలలో స్పెర్మసెటి అని ఒక మైనం ఉంటుంది, జంతువు బతికున్నప్పుడు ద్రవంగా ఉండి బయటికి తీసి చల్లారితే తెల్లగా గడ్డకడుతుంది, అందులో ముఖ్యమైన పదార్థం ఈ సెటైల్ పాల్మిటేటే. సెటైల్ అన్న పేరు కూడా తిమింగలానికి లాటిన్‌లో ఉన్న సీటస్ అన్న మాట నుంచే వచ్చింది, 1817లో షెవ్రల్ అనే ఫ్రెంచ్ ఆయన ఈ మైనాన్ని క్షారంతో ఉడికించి సెటైల్ ఆల్కహాల్ బయటికి తీశాడు. పాతకాలం కోల్డ్ క్రీముల్లో తేనెమైనంతో పాటు ఇది వేసేవాళ్ళు, దీంతో కొవ్వొత్తులు కూడా చేసేవాళ్ళు, ఎంత స్థిరంగా వెలిగేవంటే ఇంగ్లండులో వెలుగు కొలిచే క్యాండిల్‌పవర్ అన్న కొలతని స్పెర్మసెటి కొవ్వొత్తి మీదే పెట్టారు.

అదంతా అయిపోయిన కథ. వ్యాపారం కోసం తిమింగలాల్ని వేటాడకూడదని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ 1982లో తీర్మానించింది, 1986 నుంచి అమల్లోకొచ్చింది. మన దగ్గర స్పెర్మ్ వేల్ వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉంది, దాని కడుపులోంచి వచ్చే అంబర్‌గ్రిస్ దగ్గర పెట్టుకున్నందుకే ఇక్కడ చెన్నైలోనూ మీ బెంగళూరులోనూ జనాన్ని పట్టుకోవడం పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. అలాంటిది మీ షాపాయన కిలోల లెక్కన కవర్లో కట్టి తిమింగలం సరుకు ఇస్తాడా చెప్పండి.

ఇప్పుడు దొరికేది ఫ్యాక్టరీలో చేసింది. పాల్మిటిక్ యాసిడ్, సెటైల్ ఆల్కహాల్ రెండూ కలిపి యాసిడ్ ఉత్ప్రేరకంతో వేడి చేస్తారు, రెండూ అతుక్కునేటప్పుడు నీరు బయటికొస్తుంది, ఆ నీటిని తీసేస్తూ పోతే మిగిలేదే ఈ ఎస్టర్. అటు 16 కార్బన్లు, ఇటు 16 కార్బన్లు. రెండూ ఎక్కువగా పామాయిల్ నుంచే వస్తాయి, మా ఏలూరు చుట్టుపక్కల ఎటు చూసినా ఆయిల్ పామ్ తోటలే, చిన్నప్పుడు ఆ గెలలు ట్రాక్టర్ల మీద పోతుంటే వంటనూనెకే అనుకునేవాణ్ణి, ఇలా మొహానికి కూడా వస్తుందని ఈ ఉద్యోగంలోకొచ్చాకే తెలిసింది. ఒక్క జాగ్రత్త: ఫ్యాటీ యాసిడ్లు పశువుల కొవ్వు నుంచి కూడా తీయొచ్చు, అంచేత మీ కస్టమర్లకి శాకాహారం అని చెప్పి అమ్మేట్టయితే, ఇది వృక్ష సంబంధమైనదే అని సప్లయర్ దగ్గర కాగితం తీసుకోండి. నోటిమాట సరిపోదు.

ఇప్పుడు అసలు విషయం, ఇది లోషన్‌లో ఏం చేస్తుంది. చాలామంది దీన్ని మాయిశ్చరైజర్ అనుకుంటారు, కొంతమంది ఎమల్సిఫైయర్ అనుకుంటారు (మీరు ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ తగ్గించి ఇది పెంచారు చూడండి, అందుకే నాకు అనుమానమొచ్చింది). రెండూ కాదు. నీటిని లాక్కుని పట్టుకునే పని గ్లిజరిన్‌ది, నూనెని నీటిని కలిపి ఉంచే పని ఎమల్సిఫైయర్‌ది. ఇది చేసేది లోషన్‌కి కండ ఇవ్వడం, రాసుకున్నప్పుడు జిడ్డు లేకుండా మెత్తగా జారడం, రాసుకున్నాక చర్మం మీద పల్చటి పొరలా ఉండి గరుకుని సర్దడం. నువ్వుల నూనె ఒక్కటే ఉంటే చెయ్యి జిడ్డుగా మెరుస్తుంది, ఇది 2 శాతం పడితే అదే నూనె పౌడర్ అద్దినట్టు పొడిగా దిగుతుంది.

చర్మానికి ఇలాంటివి కొత్త కూడా కాదు. మన ఒంటి మీద ఊరే సెబమ్ అనే జిడ్డులో దాదాపు నాలుగో వంతు వ్యాక్స్ ఎస్టర్లే, అంటే ఇదే జాతి మైనాలే. జొజోబా నూనె అంటారు కదా, రాజస్థాన్‌లో పండిస్తారు, పేరుకే నూనె, నిజానికి అది ద్రవంగా ఉండే వ్యాక్స్ ఎస్టర్. తిమింగలం నూనె మార్కెట్లోంచి పోయినప్పుడు దాని స్థానంలోకి వచ్చినవాటిల్లో జొజోబా ఒకటి.

సెటైల్ ఆల్కహాల్‌కీ దీనికీ తేడా ఏంటని కింద కామెంట్లలో ఇంకెవరో అడిగారు. సెటైల్ ఆల్కహాల్ కూడా తెల్ల రేకులే, పేరు కూడా దగ్గరే, అందుకే షాపుల్లో కవర్లు మారిపోతుంటాయి కూడా. అది నూనె, నీళ్ళ మిశ్రమం (ఎమల్షన్) నిలబడడానికి కాస్త సాయం చేస్తుంది, లోషన్‌ని గట్టిగా చిక్కబరుస్తుంది, ఎక్కువైతే రాసేటప్పుడు సబ్బు నురగలా తెల్లగా తేలుతుంది. పాల్మిటేట్ అంత గట్టిగా చిక్కబరచదు, జారుడు ఎక్కువ ఇస్తుంది. నేనైతే రెండూ కొంచెం కొంచెం వేస్తా. ఇంకా మిరిస్టిల్ మిరిస్టేట్ అని దీని చెల్లెలు లాంటిది ఒకటుంది, 40 డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది కాబట్టి చర్మానికి తగలగానే వెన్నలా కరిగిపోతుంది, చాలా హాయిగా ఉంటుంది, ఖరీదైన క్రీముల్లో ఆ అనుభూతి తరచుగా దానిదే. కానీ చెన్నై మేలో అది ఎక్కువ ఉన్న బామ్ పంపితే సీసాలోనే కరిగిపోతుంది. సెటైల్ పాల్మిటేట్ గ్రేడుని బట్టి 46 నుంచి 54 డిగ్రీల మధ్య కరుగుతుంది, మన ఎండలకి ఇదే నయం.

మీ రవ్వ దగ్గరికి వద్దాం. ఇంట్లో నెయ్యి కాచినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. కాచిన నెయ్యి గిన్నెలో అలాగే వదిలేసి నెమ్మదిగా చల్లారనిస్తే పూస కడుతుంది, గబుక్కున చల్లారిస్తే నున్నగా పేరుకుంటుంది. కొవ్వు నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాలు, త్వరగా చల్లారితే చిన్న స్ఫటికాలు. నెయ్యి పూస కడితే అమ్మ మురిసిపోతుంది, లోషన్ పూస కడితే కస్టమర్ ఫోన్ చేస్తాడు.

మీ దాంట్లో రెండు తప్పులు కలిశాయి, చల్లటి నీళ్ళు ఒకటి, చాలని ఎమల్సిఫైయర్ ఇంకోటి. నూనె 60లో ఉంది, నీళ్ళు 25లో ఉన్నాయి, కలపగానే మొత్తం 40 లోపలికి పడిపోయింది, అంటే మైనం చిన్న బొట్లుగా విడిపోయేలోపే అక్కడక్కడ గడ్డకట్టేసింది. బెంగళూరు చల్లదనంలో, పైగా మీరు బ్లెండర్ గట్టిగా తిప్పారు కాబట్టి, ఆ గడ్డలు కంటికి కనపడనంత చిన్నగా ఉన్నాయి. తర్వాత సీసా కొరియర్ వ్యాన్‌లో ఎక్కింది, మేలో మూసిన వ్యాన్ లోపల 50 దాటడం వింతేం కాదు, మైనం మళ్ళీ కరిగింది, బొట్ల చుట్టూ కాపలా ఉండాల్సిన ఎమల్సిఫైయర్ చాలక బొట్లు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, రాత్రి గోడౌన్‌లో నెమ్మదిగా చల్లారాయి. పూస కట్టేసింది. ఇలా రెండు మూడు పగళ్ళు రాత్రులు జరిగితే మీ చెల్లి చూసిన రవ్వ తయారు.

ఇదే తప్పు నేనూ చేశాను, మీకంటే పెద్ద ఎత్తున. ఉద్యోగంలో రెండో ఏడు, నీళ్ళ ట్యాంక్ హీటర్ పాడైంది, నూనె ఎలాగూ 75లో ఉంది కదా నీళ్ళు 50 ఉన్నా పర్లేదులే అని కలిపేశా. పైకి పాలలా ఉంది. మర్నాడు వేలితో తీసి చూస్తే తెల్లటి చుక్కలు, రాస్తే ఇసుకలా తగులుతోంది. 200 కిలోలు. మళ్ళీ మొత్తం కరిగించి చేశాం, పెర్ఫ్యూమ్ సగం ఎగిరిపోయింది, మా మేనేజర్ తమిళంలో తిట్టిన తిట్లు అప్పటికి నాకు సగమే అర్థమయ్యేవి, అది నా అదృష్టం.

నేనైతే 100 గ్రాములకి ఇలా వేస్తా, మీ నువ్వుల నూనె అలాగే ఉంచి: డిస్టిల్డ్ వాటర్ 76.5, గ్లిజరిన్ 4, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 5, సెటైల్ పాల్మిటేట్ 2, సెటైల్ ఆల్కహాల్ 1, నువ్వుల నూనె 10, డైమెథికోన్ అర గ్రాము, ఫినాక్సీఇథనాల్ ఉన్న ప్రిజర్వేటివ్ (లోషన్ పాడవకుండా కాపాడేది) మిశ్రమం 1. డైమెథికోన్ ఎందుకంటే రాసేటప్పుడు తెల్లగా తేలడం తగ్గిస్తుంది, సిలికాన్ వద్దనుకునేవాళ్ళు అది మానేసి నీళ్ళు అంత పెంచుకోండి, కొంప మునగదు. సెటైల్ పాల్మిటేట్, సెటైల్ ఆల్కహాల్, నూనె, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ ఒక గిన్నెలో, నీళ్ళు గ్లిజరిన్ ఇంకో గిన్నెలో పెట్టి రెండూ 75 డిగ్రీలకి రావాలి, రెండూ అని మళ్ళీ చెప్తున్నా. రేకులు కరిగిపోయినట్టు కనపడ్డాక కూడా ఐదు నిమిషాలు ఆ వేడిలోనే ఉంచండి. ఆవిరైపోయిన నీళ్ళు తూకం చూసి వేడి నీళ్ళతోనే భర్తీ చేయండి.

కలిపి రెండు మూడు నిమిషాలు బ్లెండర్ పెట్టాక, దాన్ని వదిలేసి ఫోన్ చూసుకోవద్దు. గిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి గరిటెతో మెల్లగా కలుపుతూ ఉండండి, గోడలకి అంటుకునేది గీకుతూ ఉండండి, ఎందుకంటే ముందు గట్టిపడేది గోడల దగ్గరే, అది మధ్యలో పడితే మళ్ళీ ఉండలు. ఐస్ వద్దు, మామూలు చన్నీళ్ళు చాలు. 40 కిందికి వచ్చేవరకూ చెయ్యి ఆగకూడదు. ప్రిజర్వేటివ్, సువాసన 40 దగ్గర వేయండి.

ఇక్కడ చాలామంది పడే గుంత ఇంకోటుంది. చేసిన రోజు లోషన్ పల్చగా అనిపిస్తుంది, చాల్లేదనుకుని తర్వాతి బ్యాచ్‌లో మైనం పెంచేస్తారు. మైనాలు స్ఫటికంగా సర్దుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, లోషన్ ఆ తర్వాత చిక్కబడుతుంది. ఒకసారి విజయవాడ పార్టీ ఒకాయన వెన్నపూసలా కావాలి వెన్నపూసలా కావాలి అని రోజూ ఫోన్ చేస్తుంటే పోనీలే అని 3 నుంచి 6కి పెంచి పంపు సీసాల్లో నింపి పంపేశా, మూడో రోజుకి పంపు కొడితే చుక్క రాలేదు, ఆయన సీసాలన్నీ తిప్పి పంపాడు. అప్పట్నుంచి 48 గంటలు ఆగకుండా చిక్కదనం గురించి ఎవరితోనూ మాట్లాడను. మామూలుగా లోషన్‌కి 1 నుంచి 3 శాతం, డబ్బాలో పెట్టే క్రీముకి 2 నుంచి 5, అంతకుమించి వెళ్ళాలంటే స్టిక్కులు, బామ్‌లకే.

అమ్మేముందు ఒక పరీక్ష చేయండి. సీసాని 45 డిగ్రీల్లో ఒక రోజు, ఫ్రిజ్‌లో ఒక రోజు, ఇలా మూడు నాలుగు సార్లు మార్చి మార్చి పెట్టండి (ఫ్రీజర్ కాదు, కింద కూరగాయలు పెట్టేచోట). ఓవెన్ లేకపోతే ఎండలో ఆపిన కారులో థర్మామీటర్ పక్కన పెట్టి ఉంచినా అంచనాకి పనికొస్తుంది. దాన్ని తట్టుకున్న లోషన్ చెన్నై కాదు, రెంటచింతల పంపినా చాలావరకు తట్టుకుంటుంది.

మొటిమల సంగతి. ఇంటర్నెట్లో తిరిగే పట్టికల్లో ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు నంబర్లుంటాయి, ఐసోప్రొపైల్ మిరిస్టేట్, మిరిస్టిల్ మిరిస్టేట్‌లకి పెద్ద నంబర్లు, సెటైల్ పాల్మిటేట్‌కి చాలావాటిల్లో సున్నా. ఆ నంబర్లు ఎక్కువభాగం కుందేలు చెవి లోపల రాసి చూసిన పాత పరీక్షల నుంచి వచ్చినవి, కుందేలు చెవి మన చర్మం కంటే తొందరగా స్పందిస్తుంది, పైగా ఒక పదార్థాన్ని విడిగా రాసి చూసిందీ, 2 శాతం కలిసిన లోషన్ రాసిందీ ఒకటి కాదు. అంచేత పెద్ద నంబర్ చూసి పారిపోవద్దు, సున్నా చూసి మొహానికి పూసుకోనూ వద్దు. అమెరికాలో కాస్మెటిక్ పదార్థాల్ని సమీక్షించే నిపుణుల కమిటీ 1982లోనే సెటైల్ పాల్మిటేట్‌ని సౌందర్య సాధనాల్లో వాడుకకి సురక్షితమని తేల్చింది. నా మాట అయితే ఇది: చేతులకి కాళ్ళకి నిశ్చింతగా, మొహం మీద మొటిమల బాధ ఉన్నవాళ్ళకి మాత్రం ఈ లోషనే వద్దు, ఇందులో 10 శాతం నువ్వుల నూనె ఉంది, ముందు అనుమానించాల్సింది దాన్ని. ఫంగల్ యాక్నే అని చెప్పినవాళ్ళయితే ఈ తరహా ఎస్టర్లు మలస్సీజియా అనే ఈస్ట్‌కి మేత అవుతాయంటారు కాబట్టి డెర్మటాలజిస్టుని అడక్కుండా మొహానికి వాడొద్దు.

సరుకు కొనేటప్పుడు సీఓఏ కాగితం (ఆ సరుకు పరీక్షించిన ఫలితాల పట్టిక) అడగండి, అందులో రెండు లైన్లు చూస్తే చాలు. యాసిడ్ వాల్యూ ఒకటీ రెండూ మించకూడదు, మించిందంటే కలవకుండా మిగిలిన ఫ్యాటీ యాసిడ్ ఉందన్నమాట, లేదా చవకగా దొరికే స్టియరిక్ యాసిడ్ ఎవరో కలిపారు. స్టియరిక్ యాసిడ్‌ది 200 పైన ఉంటుంది, 5 శాతం కలిపినా మొత్తం 10కి లేస్తుంది, దాచలేరు. సపోనిఫికేషన్ వాల్యూ (క్షారంతో సబ్బుగా మారే కొలత) శుద్ధమైనదానికి లెక్క ప్రకారం 117 దగ్గరుండాలి, బాగా పడిపోయిందంటే పారఫిన్ కలిసిందేమో చూడండి, ఎందుకంటే పారఫిన్ సబ్బుగా మారదు. కాగితం ఇవ్వని షాపులో కొనాల్సొస్తే ఒక చెంచా రేకులు వేడి నీళ్ళలో కరిగించి చిటికెడు వాషింగ్ సోడా వేసి గిలక్కొట్టండి, సబ్బు నీళ్ళలా తెల్లబడి నురగొస్తే అందులో యాసిడ్ ఉంది. మోటు పరీక్షే, కానీ ఇక్కడ చెన్నై ప్యారీస్ కార్నర్ సందుల్లో కొన్న సరుకు మీద నాకు రెండుసార్లు పనికొచ్చింది.

అమ్మడం గురించి ఒక మాట, అడగలేదు కానీ చెప్తున్నా. ఇంట్లో చేసి డబ్బు తీసుకుని అమ్మాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళ దగ్గర తయారీ లైసెన్స్, కాస్-8 అంటారు, అది ఉండాలి. వంటింటికి అది రాదు. లైసెన్స్ ఉన్నవాళ్ళ యూనిట్లో మీ ఫార్ములా చేయించుకునే దారి ఉంది, బెంగళూరులో పీణ్యా వైపు కనుక్కోండి.

చివరగా నాకు గుచ్చుకున్నది. మీరు రాసిన పదార్థాల్లో ప్రిజర్వేటివ్ పేరే లేదు. మర్చిపోయి రాయలేదా, అసలు వేయలేదా? వేసుంటే, వాసన రంగు మారకపోతే, చెల్లి దగ్గరున్న ఆ రవ్వ లోషన్ కాళ్ళకి రాసుకుని అవగొట్టేయొచ్చు. వేయకపోతే మాత్రం పైకి ఎంత తెల్లగా ఉన్నా వెంటనే పారేయమనండి, మడమలకి కూడా వద్దు.